‘మా భూమి’ నుండి ‘దాసి’ దాకా

1946 జులై 4వ తేదీన జనగామ తాలూకా కడవెండిలో, విసునూరు దేశముఖు మనుషులు పేల్చిన తుపాకికి దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. అదే సంవత్సరం డిసెంబరులో గజ్వేలు దగ్గరి ప్రజ్ఞాపూర్‌లో, కలిగినవారి యింట, బి. నరసింగరావు పుట్టాడు. యీ రెండు సంగతులకూ కార్యకారణ సంబంధం యేమీ లేదు. అయినా ఒకదాని పక్కన మరొకటి పెట్టి చూడడం నాకు అలవాటయిపోయింది. కొమరయ్య చావుతో భగ్గుమన్న కథను ముప్పయి మూడేళ్ల తరువాత తెలుగు తెర మీదికి తెచ్చినవాడు ఆ యేడాది పుట్టిన యీ మనిషే. మద్రాసులోను, హైదరాబాదులోను అంత పెద్ద పరిశ్రమ వుండగా, ఆ పని పరిశ్రమతో సంబంధం లేని ఒక చిత్రకారుడి చేతిలో యెందుకు పడింది? పడిన తరువాత ఆయన దానిని యెంతవరకు తీసుకుపోయాడు? యెక్కడ ఆగాడు, యెందుకు ఆగాడు? యీ ప్రశ్నలను గురించి మన సంఘంలో చర్చ జరిగింది గాని, సరిగా జరగలేదని నా అభిప్రాయం. సరిగా జరగకపోవడంలో నా పాలు కూడా కొంత వున్నది. అది తరువాత చెబుతాను.

యీ వ్యాసానికి ప్రేరణ జనగామ విద్యార్థులు. పోయిన చలికాలంలో వారు వరసగా రెండు శనివారాలు నరసింగరావు చిత్రాలు వేసుకొని చూశారు. మొదటి వారం ‘మా భూమి’ చూసి చప్పట్లు కొట్టారు. రెండో వారం ‘దాసి’ చూసి మౌనంగా లేచారు. ఒక విద్యార్థి నా దగ్గరకు వచ్చి, “సార్, మొదటి దాంట్ల పోరాటం ఉన్నది, రెండో దాంట్ల లేదు. మనిషి వెనక్కి పోయినట్టు కాదా?” అని అడిగాడు. సరిగ్గా యీ మాటే 1989లో, యింకా ఘాటుగా, ఒక సభలో నేను అన్నాను. అందుచేత ఆ కుర్రవానికి నిలబడి జవాబు చెప్పలేకపోయాను. యిప్పుడు రాసి చెబుతున్నాను.

ముందు ఒక సంగతి. రైతు బాధను తెలుగు సినిమా యెన్నడూ పట్టించుకోలేదని అనడం తప్పు. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీశాడు. ‘రైతుబిడ్డ’ జమీందారీ దోపిడీని పేరు పెట్టి తెర మీద నిలబెట్టింది. జమీందార్లు దాని మీద మండిపడ్డారు, ప్రదర్శనలకు అడ్డు తగిలారు, నిషేధం దాకా పోయింది. అయితే ఆ చిత్రం తీసిన సారథి సంస్థకు పెట్టుబడి పెట్టినవాడు చల్లపల్లి రాజా! జమీందారు డబ్బుతో జమీందారీ మీద చిత్రం తీయడం రామబ్రహ్మం చాకచక్యమే. కాని ఆ చాకచక్యం యెప్పుడూ సాగేది కాదు. రామబ్రహ్మం 1946లోనే పోయాడు. ఆ తరువాత 1955లో తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ తీసిన నాటికి భూమి సమస్య ప్రేమకథ వెనుక పరదాగా మిగిలింది. దానిని నేను తక్కువ చేయడం లేదు, అది మంచి చిత్రమే. కాని మేడిపట్టినవాడు గెలిచాడనడానికి తెర మీద పెళ్లి పందిరి వేయవలసి వచ్చింది.

మరొకటి కూడా గమనించాలి. యీ చిత్రాలన్నీ కోస్తా గ్రామాలవి. తెలంగాణ సాయుధ పోరాటం 1946 నుండి 1951 అక్టోబరు దాకా నడిచింది. పుచ్చలపల్లి సుందరయ్య గారి లెక్క ప్రకారం మూడు వేల గ్రామాలు దానిలో కదిలాయి, పది లక్షల యెకరాల భూమి పంపిణీ అయింది, నాలుగు వేల మంది దాకా అమరులయ్యారు. యింత జరిగినా తెలుగు తెర మీద యీ నేల వాడికి దక్కిన వేషం యేమిటి? అయితే హాస్యగాడు, కాకుంటే రౌడీ. వాడి భాష వినిపించగానే హాలులో నవ్వు పుట్టాలి. నాటకరంగం యింతకన్న చాలా ముందుండేది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ నాటకాన్ని ప్రజానాట్యమండలి దళాలు 1947 నుండి వూరూరా ఆడాయి. ప్రభుత్వం దానిని నిషేధించింది. (యీ నాటకమే సినిమా అయిందని కొందరు విద్యార్థులు అనుకొంటున్నారు. కాదు. పేరు ఒకటే, కథ వేరు.) నాటకానికి పది మంది మనుషులు, ఒక పెట్రోమాక్సు దీపం చాలు. సినిమాకు పెట్టుబడి కావాలి, పంపిణీదారు కావాలి, హాలు కావాలి. యీ మూడూ యెవరి చేతిలో వున్నాయో చెప్పనవసరం లేదు.

గడీలను మొదట తెరకెక్కించినవాడు శ్యాం బెనెగళ్. సికింద్రాబాదు పరిసరాలలో పుట్టి పెరిగిన మనిషి. 1974లో ‘అంకుర్’, 1975లో ‘నిశాంత్’ తీశాడు. రెండూ తెలంగాణ గ్రామాల కథలే, రెండూ హిందీలో మాట్లాడాయి. ‘అంకుర్’కు డబ్బు పెట్టింది బొంబాయి వ్యాపార ప్రకటనల సంస్థ. దేశమంతా ఆ చిత్రాలను మెచ్చుకొన్నది, మెచ్చుకోదగినవే. కాని తన దొరతనం తన భాషలో చూసుకొనే భాగ్యం మన రైతుకు యింకా రాలేదు. 1977లో మృణాల్ సేన్ ‘ఒక వూరి కథ’ను తెలుగులో తీశాడు. అది ప్రేమ్‌చంద్ కథ. యిట్లా మన వూళ్లకు బయటి నుండి చుట్టాలు వచ్చి పోతున్న కాలంలో నరసింగరావు రంగంలోకి దిగాడు.

ఆయన చదివింది చిత్రలేఖనం, హైదరాబాదు లలిత కళల కళాశాలలో. కుంచె పట్టినవాడు, కెమెరాతో ఫోటోలు తీసేవాడు, కవిత్వం రాసేవాడు. 1970 ప్రాంతాల ఆల్వాలులో ‘ఆర్ట్ లవర్స్’ అనే చిన్న బృందం నడిపాడు. బుర్రకథ చెప్పుకొంటూ తిరిగే ఒక యువకుడిని ఆ బృందంలోకి పిలిచాడు. ఆ యువకుడే తరువాత గద్దర్‌గా దేశానికి తెలిశాడు. ‘ఆర్ట్ లవర్స్’ కొద్దికాలానికే, 1972లో, జననాట్యమండలి అయింది. యీ సంగతిని సినిమా చరిత్రకారులు ఒక వాక్యంలో దాటివేస్తారు. నా దృష్టిలో నరసింగరావు సినిమాకు పునాది యిదే. ఆయన స్టూడియోలో యెవరి దగ్గరా సహాయకుడిగా పని చేయలేదు, వీధిలో నేర్చుకొన్నాడు. పాట యెక్కడ యెత్తుకొంటే జనం లేస్తారో, యెక్కడ ఆపితే వింటారో చూసి నేర్చుకొన్నాడు.

అత్యయిక పరిస్థితి ముగిసింది. 1978లో జగిత్యాల రైతులు మళ్లీ దొరల మీద లేచారు. అంటే ‘మా భూమి’ తయారవుతున్నప్పుడు భూమి సమస్య గతం కాదు, పక్క జిల్లాలో రగులుతున్న వర్తమానం. మూలకథ కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. కిషన్ చందర్ మన సంఘం మనిషే, అభ్యుదయ రచయితల ఉద్యమంలో పెద్ద తల. దర్శకుడు బెంగాలీ వాడయిన గౌతమ్ ఘోష్, అంతకుముందు ‘హంగ్రీ ఆటమ్’ అనే కరువు డాక్యుమెంటరీ తీసి పేరు తెచ్చుకొన్న యువకుడు. కథాచిత్రం ఆయనకు యిదే మొదటిది. నిర్మాతలు నరసింగరావు, జి. రవీంద్రనాథ్. స్క్రీన్‌ప్లేలో కూడా నరసింగరావు చేయి వుంది. తెలుగు రైతు కథను ఉర్దూ రచయిత రాయగా, బెంగాలీ దర్శకుడు తీశాడు. అయినా చూసినవాడికి యెక్కడా పరాయితనం తగలదు. దానికి కారణం ఆ పల్లెలు, ఆ మొహాలు, ఆ మాట, ఆ పాట. వాటిని సమకూర్చిన మనిషి నరసింగరావు.

నవలలో నాయకుడు ఉరికంబం యెక్కబోయే ముందు జైలులో తన బతుకు నెమరు వేసుకొంటాడు. చిత్రం ఆ పద్ధతి తీసుకోలేదు. వెట్టిలో పుట్టిన రామయ్య, తన చెలిమికత్తె గడీకి పోవలసి వచ్చినందుకు విరక్తి చెంది వూరు విడుస్తాడు, నగరంలో కూలి అవుతాడు, కార్మిక నాయకుడి సావాసంలో అక్షరాలూ రాజకీయాలూ నేర్చి తిరిగి వూరికి వస్తాడు. సాయిచంద్ ఆ పాత్ర వేశాడు. గొంగడి కప్పుకొని, కర్ర పట్టుకొని గద్దర్ తెర మీదికి వచ్చి, బండి యాదగిరి పాట ‘బండెనక బండి కట్టి’ యెత్తుకొంటాడు. ఆ పాట పోరాట కాలంలో మా పల్లెల్లో పుట్టిన పాట. ముప్పయి యేళ్ల పాటు నోటి మీద బతికి, యీ చిత్రంతో రాష్ట్రమంతా పాకింది. సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ కూడా అట్లాంటిదే. పశువుల వెంట నడిచే జీతగాడైన పసివాడిని చూపిస్తూ ఆ పాట వినిపిస్తుంటే, నా పక్కన కూర్చున్న హమాలీ ఒకడు తువ్వాలుతో మొహం కప్పుకొన్నాడు. సైన్యం నీడలో దొరలు మళ్లీ గ్రామాలకు రావడం దాకా చిత్రం కథ నడిపించింది. పోలీసు చర్యను విమోచనంగా మాత్రమే చెప్పే పాఠ్యపుస్తకాలకు అది పెద్ద జవాబు.

‘మా భూమి’ 1980లో విడుదలయింది. హైదరాబాదులో ఒక హాలులో ఉదయపు ఆటగా యేడాది పాటు ఆడింది. కార్లోవీ వారీ ఉత్సవానికి పోయింది. ఉత్సవాలు మంచివే, కాని నా లెక్కలో ఉదయపు ఆటదే పెద్ద విజయం. తారలు లేని చిత్రాన్ని యేడాది పాటు నిలబెట్టిన జనం యెవరు? విద్యార్థులు, గుమాస్తాలు, కార్మికులు, సంఘాల వాళ్లు. పదేళ్లుగా జననాట్యమండలి, విరసం, అరసం, విద్యార్థి సంఘాలు తయారు చేసిన ప్రేక్షకులు. పరిశ్రమ పంపిణీదారు చేయని పనిని ఉద్యమం చేసింది. స్వతంత్ర చిత్రమంటే యజమాని లేని చిత్రమని మనం తేలికగా అనుకొంటాం. యజమాని లేకపోతే సరిపోదు, దానిని మోసే మనుషులు వుండాలి. 1980లో వున్నారు.

ఆ చిత్రం జనగామకు వచ్చినప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. మా వాడవాళ్లను యిరవై మందిని పోగు చేసి తీసుకుపోయాను. వారిలో ఒక ముసలవ్వ వుండేది. వయసులో వుండగా దొరల గడీలో ఆడబాపగా బతికిందని మాకు తెలుసు, యెవరం అడిగేవాళ్లం కాదు. ఆడబాప అంటే నేటి విద్యార్థులకు చెప్పవలసి వస్తున్నది. దొరసానికి అరణంగానో, అప్పు కిందనో, వారసత్వంగానో గడీకి వచ్చి పడిన ఆడది. వంటింటి చాకిరి నుండి దొర పడకటిల్లు దాకా ఆమె వంతే. ఆమెకు పెళ్లి లేదు, ఆమె పిల్లలకు తండ్రి పేరు లేదు. ఆట ముగిశాక నేను గర్వంగా, “ఎట్లున్నది అవ్వా?” అని అడిగాను.

“మంచిగనే ఉన్నది బిడ్డా. బయట జరిగినదంత జూపిచ్చిండ్రు,” అన్నది. నాలుగడుగులు నడిచి, “లోపట జరిగింది జూపియ్యలే,” అన్నది.

నేను దానిని ముసలితనపు గొణుగుడుగా తీసుకొన్నాను. అయిదారేళ్లకు ఆమె పోయింది. 1985 సెప్టెంబరులో చాకలి ఐలమ్మ కూడా పోయింది. పాలకుర్తిలో తన నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశముఖును యెదిరించిన మనిషి, ఆఖరికి పెద్దగా యెవరికీ పట్టకుండానే పోయిందని మా ప్రాంతంలో అందరికీ తెలుసు. యీనాడు హైదరాబాదు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. సంతోషమే.

యిక్కడ పాఠకులను కాసేపు దూర దేశానికి తీసుకుపోతాను. చిత్రకారుడు సినిమాకు వస్తే అతనికి నీడ యెవరు యివ్వాలన్న ప్రశ్నకు కెనడా దేశం ఒక జవాబు చెప్పింది. 1939లో ఆ ప్రభుత్వం జాతీయ ఫిలిం బోర్డును స్థాపించి జాన్ గ్రియర్సన్ చేతిలో పెట్టింది. 1941లో నార్మన్ మెక్‌లారెన్ అనే స్కాట్లండు యువకుడు దానిలో చేరాడు. కళాశాల రోజుల్లోనే యుద్ధ వ్యతిరేక చిత్రం తీసినవాడు, 1936లో స్పెయిన్‌కు పోయి మాడ్రిడ్ రక్షణను చిత్రించిన బృందానికి కెమెరా పట్టినవాడు. బోర్డులో చేరి ఆయన చేసిన పనేమిటంటే, కెమెరానే అవతల పెట్టి, ఫిలిం మీద కలంతో బొమ్మలు గీసి కదిలించడం. 1952లో ‘నైబర్స్’ అనే యెనిమిది నిమిషాల చిత్రంలో, ఒక్క పువ్వు కోసం యిద్దరు పొరుగువాళ్లు కొట్టుకొని చచ్చే వైనం చూపించాడు. బొమ్మలను కదిలించినట్లే బతికిన మనుషులను అంగుళం అంగుళం జరిపి తీసిన చిత్రం అది. కొరియా యుద్ధం సాగుతున్న రోజులవి. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. నాలుగు దశాబ్దాలపాటు ఆయన అదే నీడలో వుండి, టిక్కెట్ల లెక్క పట్టించుకోకుండా ప్రయోగాలు చేశాడు. ఆ నీడకూ ఒక ధర వుంది. 1940ల చివర కమ్యూనిస్టులనే అనుమానం మీద ఆ బోర్డులో వుద్యోగాలు పోగొట్టుకొన్నవారు వున్నారు.

మన దేశంలో 1948లో ఫిలింస్ డివిజన్ వచ్చింది, దానిలో బొమ్మల చిత్రాల విభాగం కూడా వచ్చింది. 1960లో ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషన్ వచ్చింది. వీటి వల్ల మేలు జరగలేదనను. కాని జిల్లాలలో కూర్చొని, తన భాషలో, తన నేల మీద పని చేసుకొనే మనిషిని నలభై యేళ్లు పోషించే యేర్పాటు యే ప్రభుత్వమూ చేయలేదు. నరసింగరావు చిత్రానికీ చిత్రానికీ మధ్య యేళ్లు గడిచినది యిందుచేతనే. యెవరో నిర్మాత దొరకాలి, కాకపోతే తానే నిర్మాత కావాలి.

‘మా భూమి’ తరువాత ఆయన తానే దర్శకుడై, తానే నాయక పాత్ర వేసి 1983లో ‘రంగుల కల’ తీశాడు. నగరంలో ఒక చిత్రకారుడు. అతని బొమ్మలు కొనగలిగినవాళ్లకు వాటి అర్థం అక్కర లేదు, అర్థమయ్యేవాళ్లకు కొనే స్తోమతు లేదు. యీ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. గద్దర్ పాటలు దీనిలో కూడా వున్నాయి. నా మటుకు నాకు యిది సగం చిత్రమే. కళాకారుని వేదన మీద జాలి కొంచెం యెక్కువయింది, మాటలు కూడా యెక్కువే. కాని తన స్థితిని తానే బోనులో నిలబెట్టుకొని విచారించిన నిజాయితీ దీనిలో వుంది.

తరువాత ఆయన డాక్యుమెంటరీల వైపు తిరిగాడు. 1985లో హైదరాబాదు మీద ‘ది సిటీ’, 1987లో ‘మా వూరు’. తెలంగాణ పల్లెలో జనం పని, పండుగ, పాట చూపే యీ రెండోదానికి మానవశాస్త్ర చిత్రాల విభాగంలో జాతీయ బహుమతి వచ్చింది. మనలో చాలామంది దీనిని చూడలేదు, చూసినవారు కూడా జానపద వినోదమని పక్కన పెట్టారు. అది పెద్ద పొరపాటు. ‘మా వూరు’ తీస్తున్నప్పుడే ఆయన నినాదాన్ని వదిలి చేతులను చూడడం నేర్చుకొన్నాడని నా నమ్మకం. యెవరి చేయి యే పనిముట్టును యెట్లా పడుతుంది, యెంతసేపటికి అలసిపోతుంది అనే దృష్టి. ఆ దృష్టి లేకుండా ‘దాసి’ రాదు.

1988లో ‘దాసి’ వచ్చింది. 1920ల నాటి గడీ. కమలాక్షి అనే ఆడబాప. ఆమె నీళ్లు తెస్తుంది, వాకిళ్లు వూడుస్తుంది, దొరసానికి చాకిరి చేస్తుంది, దొర పిలిస్తే పోతుంది, అతిథి వస్తే అతని దగ్గరకూ పోవలసిందే. గర్భవతి అవుతుంది. ఆ గర్భం వుండాలా పోవాలా అన్నది ఆమె నిర్ణయం కాదు, తీయించుకోవలసి వస్తుంది. కథ యింతే. సంఘం లేదు, జెండా లేదు, తిరుగుబాటు లేదు. మాటలు కూడా తక్కువ. పొడుగాటి వసారాలు, మందపాటి గోడలు, తలుపు సందుల వెలుతురు. అపూర్వ కిశోర్ బీర్ కెమెరా యెక్కడా తొందరపడదు. కరీంనగర్ జిల్లా వాడయిన చిత్రకారుడు తోట వైకుంఠం కళా దర్శకుడు. తెలంగాణ స్త్రీల రంగులు, బొట్టు, చీరకట్టు తన బొమ్మల్లో జీవితమంతా గీసినవాడు ఆ గడీని తీర్చాడు. సంగీతం నరసింగరావుదే. జాతీయ బహుమతులు అయిదు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, అర్చనకు ఉత్తమ నటి, ఛాయాగ్రహణం, కళ, దుస్తులు. అర్చనకు అంతకుముందు యేడే తమిళ ‘వీడు’ చిత్రానికి అదే బహుమతి వచ్చివుంది.

1989లో హనుమకొండలో ఒక ఫిలిం సొసైటీ వారు ఆ చిత్రం వేశారు. తరువాత జరిగిన సభలో నేను లేచి మాట్లాడాను. ‘మా భూమి’లో రైతు తుపాకి పట్టాడు, ‘దాసి’లో ఆడది తల వంచింది, కాబట్టి యిది పలాయనం, బహుమతుల కోసం చేసిన దుఃఖ ప్రదర్శన అన్నాను. 1920లలో కూడా ప్రతిఘటన వుండి వుండాలి గదా, దానిని యెందుకు చూపలేదని నిలదీశాను. చప్పట్లు బాగా వచ్చాయి. ఒకరిద్దరు స్త్రీలు లేచి బయటకు పోయారు. వారెందుకు పోయారో ఆనాడు నేను ఆలోచించలేదు.

యీ విమర్శలో దోషం యెక్కడున్నది? ప్రతిఘటన అంటే తుపాకి, జెండా, వూరేగింపు అని మాత్రమే నేను అనుకొన్నాను. వూరేగింపు బజారులో నడుస్తుంది. ఆడబాప బజారులోకి రాదు, ఆమెను రానివ్వరు. వెట్టి చేసే మాదిగకు గుడిసె వుంది, పెళ్లాం పిల్లలున్నారు, పక్క గుడిసె వుంది. రాత్రి ఆ గుడిసెల మధ్య సంఘం పుడుతుంది. ఆడబాపకు గుడిసె లేదు. రాత్రి కూడా ఆమె గడీలోనే. ఆమెతో సంఘం పెట్టడానికి పక్కన యెవరున్నారు? దోపిడీకి గురయినవారంతా ఒకే తీరుగా గురికారు. యీ తేడాను వర్గ సిద్ధాంతం కాదనదు, కాదన్నవాడిని నేను. పోరాటం రాకపూర్వం పోరాటం యెందుకు అసాధ్యమో చూపడం కూడా చరిత్రకారుని పనే. ఆ చీకటి యెంత చిక్కనిదో తెలియకపోతే 1946లో కడవెండి జనం యెంత దూరం నడిచారో మనకెట్లా తెలుస్తుంది?

స్త్రీశక్తి సంఘటన వారు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ ప్రచురించారు. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటి మాటలు, ఐలమ్మ మాటలు సహా, దానిలో వున్నాయి. దళాలలో తుపాకి పట్టిన స్త్రీలు కూడా పోరాటం ఆగిన తరువాత వంటింటికి యెట్లా చేరవలసి వచ్చిందో చెప్పారు. ఆ పుస్తకం చూసి ‘దాసి’ తీశాడని నేననను. కాలం అడిగిన ప్రశ్న ఒకటే, దానికి ఒకరు పుస్తకంతోను, ఒకరు చిత్రంతోను జవాబు చెప్పారు. నాకు ఆ పుస్తకం చదివాకనే మా వాడ అవ్వ మాట మళ్లీ చెవిన పడింది. ‘లోపట జరిగింది’ యేమిటో నరసింగరావు యెనిమిదేళ్ల తరువాత చూపాడు. చూపినప్పుడు నేను చూడలేకపోయాను.

నా పాత విమర్శలో ఒక్క ముక్క మాత్రం యిప్పటికీ వదులుకోను. ‘దాసి’ని చూడవలసినవారు చూడలేదు. ‘మా భూమి’కి యేడాది పాటు దొరికిన ఉదయపు ఆట దీనికి దొరకలేదు. యిది దర్శకుని తప్పా? కొంత కావచ్చు. ‘మా భూమి’లో పాట జనాన్ని చేయి పట్టి లోపలికి తీసుకుపోతుంది, ‘దాసి’ అట్లా చేయి చాచదు. కాని పెద్ద తప్పు మనది. 1980లో చిత్రాన్ని భుజాన మోసిన సంఘాలు 1988 నాటికి చీలి, నిర్బంధాలలో నలిగి, ఒకరినొకరు ఖండించుకొనే పనిలో వున్నాయి. నాబోటివాళ్లు సభలలో ‘దాసి’ని తిట్టారే గాని ఒక పల్లెలో ఒక్క ఆట వేయించలేదు.

1990లో ‘మట్టి మనుషులు’ వచ్చింది. పల్లెలో బతకలేక నగరానికి వచ్చి మేడలు కట్టే కూలీల కథ, మళ్లీ అర్చనే. దానికీ ఉత్తమ తెలుగు చిత్రం బహుమతి వచ్చింది. రామయ్య నగరానికి పోయి సంఘం నేర్చుకొన్నాడు. యీ కూలీలు పోయి అడ్డా మీద నిలబడ్డారు. పదేళ్లలో నగరం యెంత మారిందో యీ రెండు చిత్రాలను పక్కపక్కన వేస్తే తెలుస్తుంది. తరువాత చాలా కాలం మౌనం. 2003లో ‘హరివిల్లు’. మిగతా కాలమంతా బొమ్మలు, ఫోటోలు, కవిత్వం. పాతికేళ్ల ప్రయాణంలో వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని చిత్రాలు.

యింత ప్రతిభావంతుడు యింత తక్కువ తీయడం ఆయన స్వభావమని కొందరు అంటారు. సోమరి అన్నవారిని కూడా విన్నాను. బొమ్మ గీయడానికి కాగితం చాలు గనుక ఆయన గీస్తూనే వున్నాడు. సినిమా తీయడానికి యితరులు కావాలి గనుక ఆగిపోయాడు. ఆ యితరులలో మనమూ వున్నాం.

పోయిన శనివారం ఆ కుర్రవానికి యీ వ్యాసం చిత్తుప్రతి చదివి వినిపించాను. అన్నిటికీ వొప్పుకోలేదు. కమలాక్షి ఒక్కసారయినా తల యెత్తి వుంటే బాగుండేదని యింకా అంటున్నాడు. వాదించడం మానుకొన్నాను. వచ్చే నెల పాలకుర్తిలో, ఆడవాళ్లు పనుల నుండి వచ్చే వేళకు, ‘దాసి’ వేయాలని విద్యార్థులు నిర్ణయించారు. ప్రొజెక్టరు దొరికింది, గోడ దొరికింది. ముందు నన్ను ఉపన్యాసం యివ్వమన్నారు. ముందూ వద్దు, వెనుకా వద్దు, చూసినవాళ్లను మాట్లాడనివ్వండి అని చెప్పాను.